గోడమేకుకు వ్రేలాడు మూకుడు

మేము ఉక్కునగరమునకు కాపురము వచ్చిన క్రొత్తలో, ఒక్క వరుస యిండ్లలోనే బెంగాలీలు, ఒడియావారు, మలయాళీలు, మన జిల్లాలవారు కలసియుండగా, సాయంకాలము వీచు వాసనలలో ఏది నీచో ఏది కాదో విడదీయుట మా అమ్మకు నిత్యకృత్యమై యుండెను. అట్టి ఆమె, నీరసించిన నా కుమార్తెకు దినమునకొక కోడిగుడ్డు పెట్టుమని వైద్యుడు చెప్పిననాడు, మారుమాటాడక గాజువాక బజారునకు పోయి, చిన్న యినుప మూకుడు కొనితెచ్చి, పెరటిగోడ మేకునకు తగిలించెను.

వండు పని నాది. తినను గాని వండుట నేర్చితిని: నీళ్లలో తేలిన గుడ్డును పారవేయవలెననియు, మరీ తాజా గుడ్డు ఉడికినను పెంకు వదలదనియు, మంట మీద మరచినచో పచ్చసొన చుట్టును ఆకుపచ్చని చార యేర్పడుననియు ఆ పొయ్యివద్దనే తెలిసికొంటిని.

అందు ప్రాణమున్నదా యను ప్రశ్న నన్నంతగా బాధింపలేదు. పుంజు కలియని పెట్ట పెట్టిన గుడ్డు ఇరువదియొక్క దినములు పొదిగినను పిల్ల కాదు. పాలు త్రాగువారు అట్టి గుడ్డును కాదనుటకు కారణము లేదని గాంధీమహాత్ముడు 1942లో ఆరోగ్యముపై వ్రాసిన పుస్తకమున చెప్పియేయున్నాడు. మన ప్రభుత్వ నిబంధనలు మాత్రము పాలను శాకాహారమందును, గుడ్డును మాంసాహారమందును చేర్చినవి. నన్ను కలచునది వేరు: గుడ్లకొరకు పెంచు జాతిలో మగపిల్ల గుడ్డు పెట్టదు, మాంసమునకును గిట్టుబాటు కాదు గనుక, పుట్టిననాడే దానిని చంపుదురు; పెట్టయో, రెక్క చాచుటకు చోటులేని పంజరమున ఆయువు గడపును. అయితే పాడిలో కోడెదూడ గతి యేమి? గడ్డపెరుగు వడ్డించుకొని గుడ్డును నిందించు అధికారము నాకున్నదని తోచదు.

గుడ్డు శాకమని నేననను. కాని 2020 జనవరినుండి మన బడులలో వారమునకైదు దినములు మధ్యాహ్న భోజనమున పెట్టుచు వచ్చిన గుడ్డును, అందలి ఆరు గ్రాముల మాంసకృత్తులు ఇంటివద్ద దొరకని బిడ్డ పళ్లెమునుండి, నా మడి కొరకు తీసివేయుమనుట నాకు సమ్మతము కాదు.

మేకునకు తగిలించిన పిమ్మట అమ్మ ఆ మూకుడును ఎన్నడును తాకలేదు. గుమ్మమివతల నిలిచి, ప్రతి ఉదయము అడిగెడిది: “గుడ్డు తిన్నదా, పిల్ల?”