చల్లారిన ఇంజను

ఉప్పాడ ఒడ్డున పాత అవుట్‌బోర్డు మోటారు కొనాలంటే మావాళ్లు మెకానిక్ బాబాయిని వెంటబెట్టుకెళ్తారు. ఆయన ముందు ఇంజను మీద అరచెయ్యి పెడతాడు. వెచ్చగా తగిలిందా, "చల్లారాక చూద్దాం అబ్బాయ్" అని అక్కడే కూర్చుంటాడు. వేడి ఇంజను ఎవరు లాగినా స్టార్టవుతుంది. జబ్బు బయటపడేది చల్లగా ఉన్నప్పుడే.

కొత్త రంగు చూసి మేం మురిసిపోతుంటే, ఆయన కింద గేరు పెట్టె స్క్రూ వదులు చేసి, జారిన ఆయిలు చుక్కను వేళ్ల మధ్య రుద్దుతాడు. పాలు కలిపిన టీ రంగులో ఉంటే సీలు పోయి నీళ్లు చేరినట్టే. ఇనుప రవ్వలు గరుగ్గా తగిలితే లోపల పళ్లు చెడినట్టు. ఒక్క చుక్కలో అంత కథ చదవడం నాకెప్పుడూ అబ్బురమే.

తర్వాత సిలిండర్లకు కంప్రెషన్ గేజి. రెండు అంకెలూ దగ్గర దగ్గరగా ఉండాలంటాడు. 10 శాతం మించి తేడా వస్తే తల అడ్డంగా ఊపేస్తాడు. చివరికి నీళ్ల డ్రమ్ములో నడిపి, వెనకనుంచి చిమ్మే సన్నటి ధారకు వేలు అడ్డుపెడతాడు. అది నీరసంగా ఉంటే ఇంపెల్లరు అరిగిందో, దారుల్లో ఉప్పు పేరుకుందో.

ఆగిపోయిన ఇంజనుతో నడిసముద్రంలో ఒక రాత్రి గడిపినవాణ్ణి. ఇంజను చల్లారేదాకా ఆయన ఓపిగ్గా కూర్చునే ఆ గంటకు చేతులెత్తి మొక్కుతాను.