గుమ్మం దగ్గరి పనితనం

సాఫ్ట్‌వేర్‌ను మెచ్చుకోవాలంటే అందరం దాని లెక్కల గురించే మాట్లాడతాం. ఎంత పెద్ద పట్టికను నమిలింది, ఎంత వేగంగా తేల్చింది, తెర మీద ఎంత చక్కని బొమ్మ గీసింది అంటాం. సమాచారం లోపలికి ఏ రూపంలో వచ్చింది, బయటికి ఏ రూపంలో వెళ్ళింది అన్నది ఎవరికీ పట్టదు. మెనూలో ఇంపోర్ట్, ఎక్స్‌పోర్ట్ అనే రెండు మాటల వెనక ఆ పని నిశ్శబ్దంగా జరిగిపోతుంది. అడవులనూ గడ్డి మైదానాలనూ విశ్లేషించే సాఫ్ట్‌వేర్లలో మాత్రం తయారుచేసినవాళ్ళ పనితనం ఈ రాకపోకల గుమ్మం దగ్గరే బాగా తెలుస్తుంది. ఇందుకు నేను చూపించదలచిన జంట ఒకటుంది. నెదర్లాండ్స్‌లో స్టెఫాన్ హెన్నెకెన్స్ రూపొందించిన, మొక్కల సమాచారాన్ని భద్రపరిచే టర్బోవెజ్ ఒకటి. చెక్ దేశంలోని బ్ర్నో నగరంలో, మసారిక్ విశ్వవిద్యాలయంలో లుబోమీర్ తిఖీ రాసిన, ఆ సమాచారపు పట్టికలను సర్ది విశ్లేషించే జ్యూస్ రెండోది. (బ్ర్నో అంటే మెండెల్ బఠానీ మొక్కలు పెంచి లెక్కలు రాసుకున్న ఊరే. మొక్కల్ని లెక్కపెట్టడం అక్కడివాళ్ళకు కొత్త కాదు.)

ముందు ఈ సమాచారం ఎలా పుడుతుందో చూడాలి. వృక్షశాస్త్రజ్ఞుడు ఒక పచ్చిక బయల్లో కొలత ప్రకారం ఒక చదరం గుర్తిస్తాడు. అందులో ఉన్న ప్రతి మొక్క పేరూ రాస్తాడు. పేరు పక్కన, ఆ మొక్క నేలను ఎంతమేర కప్పిందో ఒక గుర్తు వేస్తాడు. స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త బ్రాన్-బ్లాంకే స్థిరపరిచిన కొలమానం ఇప్పటికీ చాలామంది చేతిలో ఉంది. ఒంటరిగా ఎక్కడో ఒక మొక్క కనిపిస్తే ‘ఆర్’ అనే అక్షరం, కొన్నే ఉండి కప్పిన మేర లెక్కలోకి రాకపోతే కూడిక గుర్తు. ఆ పైన 1 నుంచి 5 దాకా అంకెలు. 3 అంటే నేలలో 25 నుంచి 50 శాతం కప్పిందని, 5 అంటే 75 శాతం దాటిందని అర్థం. ఇలా ఒక చదరానికి రాసిన జాబితాను ఫ్రెంచివాళ్ళ మాటతో రెలెవే అంటారు. వేల రెలెవేలు పక్కపక్కన పేర్చి, ఒకే రకం మొక్కలు కలిసి బతికే చోట్లను గుంపులు కట్టడమే ఈ శాస్త్రంలో ప్రధానమైన పని.

చిక్కు ఎక్కడ మొదలవుతుందో గమనించారా? ఆ 3 అనేది అంకెలా కనిపించే గుర్తు. కంప్యూటర్ దాన్ని అంకె అనుకుంటే మూడు శాతం అని చదువుతుంది. అసలు అర్థం తీసుకుంటే 25కీ 50కీ మధ్య, అంటే సుమారు 38. దిగుమతి చేసేటప్పుడు ఈ ఒక్క చోట పొరపాటు పడితే దట్టమైన అడవి కాస్తా చెట్లు అక్కడొకటీ ఇక్కడొకటీ ఉన్న బయలైపోతుంది. ఆ తరవాత ఎంత గొప్ప గణితం వేసినా ప్రయోజనం లేదు. ఇంకా ప్రమాదం ఏమిటంటే, ప్రోగ్రాము ఎక్కడా తప్పు ఎత్తి చూపదు. మూడు శాతం కూడా సాధ్యమైన విలువే కదా.

టర్బోవెజ్ దీనికి చేసిన ఏర్పాటు నాకు చాలా నచ్చుతుంది. అది కొలతను శాతంగా మార్చి దాచుకోదు. పొలంలో కాగితం మీద ఏ గుర్తు వేశారో ఆ గుర్తునే యథాతథంగా భద్రపరుస్తుంది. రెలెవేకు సంబంధించిన ఫైలు వేరు, మొక్కల ఫైలు వేరు. మొదటిదాంట్లో తేదీ, చదరం వైశాల్యం, నేల వాలు, రాసినవారి వివరంతో పాటు, ఏ కొలమానం వాడారన్నది కూడా ఒక గడిలో ఉంటుంది. రెండోదాంట్లో రెలెవే సంఖ్య, మొక్క సంఖ్య, కప్పిన మేరకు వేసిన గుర్తు, ఆ మొక్క ఏ అంతస్తులో (చెట్లలోనా, పొదల్లోనా, నేల మీదా) ఉందన్న సంకేతం. గుర్తును శాతంగా మార్చడం ఎగుమతి వేళ మాత్రమే జరుగుతుంది. రేపు ఎవరైనా ఆ మార్పిడి పట్టిక బాగాలేదని వేరే విలువలు వాడదలిస్తే అసలు సరుకు చెక్కుచెదరకుండా లోపలే ఉంటుంది. చూసినదాన్ని ఒక చోట, దానికి మనం ఇచ్చిన అర్థాన్ని ఇంకో చోట ఉంచాలన్న తెలివి ఇది. మామూలు ఎక్సెల్ పట్టికల్లో మొదట పోయేది ఈ తేడాయే.

ఇంకో విశేషం, ఆ ఫైళ్ళన్నీ డీబేస్ అనే పాత డేటాబేసు రకానివి. గడి పేరు పది అక్షరాలకు మించకూడదనే పాత నియమం వాటికి ఉంది కాబట్టి పేర్లు కురచగా, ముక్కలు ముక్కలుగా కనిపిస్తాయి. అందం తక్కువే. కానీ టర్బోవెజ్ లేని కంప్యూటర్లో కూడా వాటిని మామూలు స్ప్రెడ్‌షీట్‌తో తెరిచి చదువుకోవచ్చు. ఎవరి సమాచారం వాళ్ళు ఎప్పుడు కావాలంటే అప్పుడు పట్టుకుపోవచ్చన్నమాట. తరవాత జర్మనీలో ఫ్లోరియన్ యాన్సెన్ ఆర్ అనే గణాంకాల ప్రోగ్రామింగ్ భాషలో వెజ్‌డేటా అనే ప్యాకేజీ రాసి, టర్బోవెజ్ ఫైళ్ళను నేరుగా చదివించగలిగారంటే దానికి కారణం ఈ తెరిచి ఉన్న తలుపే. 1994లో యూరోపియన్ వెజిటేషన్ సర్వే అనే పరిశోధకుల బృందం టర్బోవెజ్‌ను ప్రామాణిక సాఫ్ట్‌వేర్‌గా స్వీకరించింది. 2001 నాటికి పాతికకు పైగా దేశాల్లో వాడకంలో ఉంది, ఒక్కో డేటాబేసులో లక్ష రెలెవేల దాకా పట్టేవి.

టర్బోవెజ్ నుంచి జ్యూస్‌కు సరుకు చేరవేసిన పాత బండి పేరు కార్నెల్ కండెన్స్‌డ్ ఫార్మాట్. దీని గురించి కొంచెం తీరిగ్గా చెప్పుకోవాలి. అమెరికాలో ఇథాకా పట్టణంలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఒక జీవావరణ ప్రోగ్రాముల వరుస తయారైంది. 1979లో మార్క్ హిల్ అక్కడి నుంచి ట్విన్‌స్పాన్ (రెలెవేలను గుంపులు కట్టేది), డెకొరానా (పోలికను బట్టి వాటిని క్రమంలో అమర్చేది, ఈ పనినే ఆర్డినేషన్ అంటారు) అనే రెండు ప్రోగ్రాములను ఫోర్ట్రాన్ భాషలో వెలువరించారు. ఆ ప్రోగ్రాములకు తిండి పెట్టే పద్ధతి ఈ ఫార్మాట్. అది పంచ్ కార్డుల కాలం. ఒక కార్డుకు 80 గళ్ళు. మెమరీ కొద్దిగానే ఉండేది.

వృక్ష పట్టికలో సున్నాలే ఎక్కువ. వెయ్యి రెలెవేలు, పదిహేను వందల జాతులు ఉన్నాయనుకోండి, గళ్ళు పదిహేను లక్షలు. ఒక్కో రెలెవేలో సగటున ముప్ఫై జాతులే ఉంటే నిండిన గళ్ళు ముప్ఫై వేలు, నూటికి రెండు. మిగతా తొంభై ఎనిమిదీ ఖాళీ. ఆ ఖాళీని మోసుకు తిరగడం ఎందుకు? అందుకని ఈ ఫార్మాట్ ఉన్నవాటినే రాస్తుంది. ముందు రెలెవే సంఖ్య, తరవాత జాతి సంఖ్యా దాని విలువా, జాతి సంఖ్యా దాని విలువా, ఇలా జంటలు జంటలుగా. 12వ రెలెవేలో 3వ జాతి 38 శాతం, 17వ జాతి 2 శాతం ఉంటే, 12 3 38 17 2 అని అంతే. సంఖ్యలు అయిపోయాయని చెప్పడానికి సున్నాతో ఒక లైను. దాని కింద జాతుల పేర్లు, ఆ కింద రెలెవేల పేర్లు. ఒక్కో పేరుకు ఎనిమిది అక్షరాలు, లైనుకు పది పేర్లు. ఎనిమిది పదులు ఎనభై, సరిగ్గా ఒక కార్డు!

ఇందులో నన్ను ముగ్ధుణ్ణి చేసేది రెండో లైను. మొదటి లైను శీర్షిక. రెండో లైనులో ఆ ఫైలును ఎలా చదవాలో ఫోర్ట్రాన్ భాషలోనే రాసి ఉంటుంది: మొదటి ఇన్ని గళ్ళలో పూర్ణాంకం, తరవాత ఇన్ని గళ్ళ జంటలు ఇన్నిసార్లు, విలువలో దశాంశ స్థానాలు ఇన్ని అని. ప్రోగ్రాము ఆ లైను చదివి, దాని ప్రకారం మిగతాది చదువుతుంది. తన తాళంచెవిని తానే మెడలో వేసుకు తిరిగే ఫైలు ఇది. దీనికి ఉన్న కఠినత్వమూ అంతే. గళ్ళు లెక్క ప్రకారం ఉండాలి. చేత్తో దిద్దుతూ ఒక్క ఖాళీ జరిపినా విలువ రెండు ముక్కలై పక్క గడిలో పడుతుంది.

ఎనిమిది అక్షరాల పేర్ల కథ ఇంకా సరదాగా ఉంటుంది. ప్రజాతి పేరులో మొదటి నాలుగు రోమన్ అక్షరాలు, జాతి పేరులో మొదటి నాలుగు. మన శేషాచలం ఎర్రచందనం టెరోకార్పస్ శాంటాలినస్‌ను ఈ అచ్చులో పోస్తే ‘ప్టెర్‌శాంట్’ అవుతుంది. గుర్తుపట్టవచ్చు, ఫరవాలేదు. కానీ ఐరోపా చిత్తడి నేలల్లో కేరెక్స్ పానీసియా, కేరెక్స్ పానిక్యులేటా అని రెండు తుంగజాతి మొక్కలున్నాయి. ఒకటి నాజూకైన చిన్న మొక్క, ఇంకోటి గుబురుగా పెద్ద దుబ్బు కట్టేది. రోమన్ లిపిలో రెండింటికీ ఆ నాలుగూ నాలుగూ అచ్చం ఒకటే! పేరునే ఆధారం చేసుకున్న ప్రోగ్రాము రెండింటినీ ఒకటిగా కలిపేస్తుంది. ఆర్ భాషలో జీవావరణవేత్తలు వాడే వీగన్ ప్యాకేజీలో ఇలాంటి పొట్టి పేర్లు తయారుచేసే ఫంక్షన్ ఒకటుంది. పేర్లు ఢీకొంటే అది రెండోదాని చివర ఒక అంకె తగిలిస్తుంది. చిన్న జాగ్రత్తే, కానీ ఒక మొక్క మాయం కాకుండా కాపాడుతుంది.

ఇక జ్యూస్. 2002లో తిఖీ దీన్ని పరిశోధక లోకానికి పరిచయం చేశారు. అప్పటికి ఒక పట్టికలో ముప్ఫై వేల రెలెవేలు పట్టేవి. అదే కాలపు ఎక్సెల్‌లో నిలువు వరుసలు 256 మాత్రమే. రెలెవేలను నిలువుగా పేర్చేవాళ్ళకు అది రెండున్నర వందల దగ్గరే చేతులెత్తేసేది. జ్యూస్ తెర చూడ్డానికి ఏమంత గొప్పగా ఉండదు. సమాన వెడల్పు అక్షరాల పొడుగాటి పట్టిక, మెనూల నిండా కిక్కిరిసిన ఆదేశాలు. విండోస్‌లో తప్ప నడవదు. మొదటిసారి తెరిచినవాళ్ళు బెదిరిపోతే వాళ్ళ తప్పేమీ లేదు. కొంచెం అలవాటు పడ్డాక మాత్రం, ఇది వృక్ష పట్టికలు చేత్తో కత్తిరించి అతికించుకున్నవాళ్ళ అవసరాలు ఎరిగి కట్టిన పనిముట్టు అని తెలుస్తుంది. మొక్కల వరుసలకూ రెలెవేలకూ రంగులు వేసుకోవచ్చు. తరవాతి పనులను ఆ రంగు వేసినవాటికే పరిమితం చేయవచ్చు. ఏది పంపాలో పెద్ద పెద్ద షరతులు రాయకుండా కంటితో చూసి ఎంచుకునే సౌకర్యం ఇది.

జ్యూస్‌లో గొప్పతనం, అన్నీ తానే చేయాలనుకోకపోవడం. వర్గీకరణకు ట్విన్‌స్పాన్ కావాలంటే ఆ పాత ప్రోగ్రామునే తెర వెనక నడిపిస్తుంది, ఫలితం తెచ్చి మన పట్టికను గుంపుల వారీగా సర్ది గీతలు గీసి చూపిస్తుంది. ఆర్డినేషన్ చిత్రాలు కావాలంటే డేవిడ్ జెలెనీ రాసిన ఏర్పాటు ద్వారా పట్టికను ఆర్‌కు అందిస్తుంది. స్ప్రెడ్‌షీటుకు వేరే దారి, ఇతర విశ్లేషణ ప్రోగ్రాములకు వేరే దారులు. ఒకరి దగ్గర తీసుకున్నది ఇంకొకరికి వాళ్ళ భాషలో అప్పగించడమే తన వృత్తిగా పెట్టుకుంది.

అంతస్తులు కలిపే పద్ధతిలో కూడా ఈ శ్రద్ధ కనిపిస్తుంది. ఒకే ఓక్ జాతి పై అంతస్తులో పెద్ద చెట్లుగా 60 శాతం, పొదల అంతస్తులో పిల్ల చెట్లుగా 50 శాతం ఉందనుకోండి. కొన్ని విశ్లేషణలకు రెండూ కలిపి ఒకే వరుస చేయాలి. కూడితే 110 శాతం. నేల ఉన్నదానికన్నా ఎక్కువ కప్పడం ఎలా కుదురుతుంది? పైదీ కిందదీ యాదృచ్ఛికంగా ఒకదానిపై ఒకటి పడతాయని భావిస్తే, పైది వదిలిన 40 శాతంలో సగాన్ని కిందది కప్పుతుంది, మొత్తం 80. ఈ సాఫ్ట్‌వేర్లు వాడేది ఈ లెక్కే. వాడేవాళ్ళలో చాలామందికి ఇలాంటి లెక్క ఒకటి జరుగుతోందనే తెలియదు.

గుమ్మం దగ్గర ఎంత జాగ్రత్త పడ్డా లోపలి యంత్రమే వరసకు లొంగిపోతే? 1990లలో సరిగ్గా ఇదే బయటపడింది. అదే సమాచారాన్ని రెలెవేల క్రమం మాత్రం మార్చి లోపలికి పంపితే ట్విన్‌స్పాన్, డెకొరానా వేరే ఫలితాలు ఇస్తున్నాయని గమనించారు. 1997లో ఫిన్లాండ్‌కు చెందిన యారి ఒక్సానెన్, పీటర్ మించిన్‌తో కలిసి కారణం తేల్చారు. లెక్క పూర్తిగా స్థిరపడకముందే ప్రోగ్రాములు ఆగిపోతున్నాయి. ఆగే షరతును కఠినం చేసి, డెకొరానాలో ఉన్న ఒక దోషాన్ని సరిదిద్దారు. పద్దెనిమిదేళ్ళు వేలమంది వాడిన ప్రోగ్రాములను, ఇన్‌పుట్ ఫైలులో వరుసలు అటూ ఇటూ చేయడమనే అతి మామూలు పరీక్ష పట్టిచ్చింది.

ఇప్పుడు సరుకు చాలా పెద్దదైంది. 2012లో పని మొదలైన యూరోపియన్ వెజిటేషన్ ఆర్కైవ్‌లో పది లక్షలకు పైగా రెలెవేలు చేరాయి. దేశానికొక మొక్కల జాబితా. ఒక దేశంలో ఒక పేరు విశాలమైన అర్థంలో నాలుగు ఉపజాతులను కలుపుకుంటే, పక్క దేశంలో అదే పేరు ఒక్కదానికే చెల్లుతుంది. అందుకని టర్బోవెజ్ మూడో తరంలో ఒక్కో డేటాబేసు దాని సొంత జాబితాతోనే లోపలికి వస్తుంది. ఉమ్మడి పేర్లతో ముడిపెట్టడం పైన వేరే పొరలో జరుగుతుంది. గుర్తును శాతంగా మార్చకుండా దాచిన పాత తెలివే ఇక్కడ పేర్ల విషయంలో పనిచేసింది.

పాత కార్నెల్ ఫైళ్ళు మాత్రం ఇంకా పరిశోధకుల డిస్కుల్లో ఉన్నాయి. వాటిని ఆర్‌లోకి తెచ్చేందుకు వీగన్‌లో ఒక్సానెన్ ఒక ఫంక్షన్ పెట్టారు. మొదట్లో అది ఫోర్ట్రాన్ కోడుతోనే చదివేది, ఎందుకంటే ఆ రెండో లైనులోని సూచన ఫోర్ట్రాన్‌కే పూర్తిగా అర్థమవుతుంది. తరవాత దాన్ని ఆర్ భాషలోనే తిరిగి రాశారు. నియమం ప్రకారం రాసినవే అయినా కొన్ని ఫైళ్ళు ఈ కొత్త రీడరుకు కొరుకుడు పడవు. వాటి కోసం ఆ పాత ఫోర్ట్రాన్ ముక్కను పారేయకుండా సెప్‌రీడర్ అనే వేరే ప్యాకేజీగా విడిగా ఉంచారు.