సింకు కింద సుత్తిమిల్లు

ఉక్కు కర్మాగారంలో బొగ్గు నేరుగా కోక్ ఓవెన్లలోకి వెళ్ళదు. ముందు దాన్ని హ్యామర్ మిల్లులో నలగ్గొడతారు. సాధారణంగా 80 శాతం దాకా 3 మిల్లీమీటర్ల లోపుకు నలగాలి. మిల్లులో గిర్రున తిరిగే రోటరుకు సుత్తులు పిన్నుల మీద వేలాడుతుంటాయి తప్ప గట్టిగా బిగించి ఉండవు. రోటరు వేగం అందుకోగానే అవే బయటికి సాచుకుని బొగ్గును కొడతాయి. మధ్యలో ఏ ఇనపముక్కో తగిలితే సుత్తి వెనక్కి మడుచుకుని దాన్ని దాటిపోతుంది, రోటరు క్షేమంగా ఉంటుంది. భిలాయి స్టీల్ ప్లాంటులో మెయింటెనెన్సు చేసి రిటైరైనవాళ్ళకు ఇది వివరించి చెప్పనక్కర్లేదు. అదే ఏర్పాటు వంటింటి సింకు కింద కూడా ఉంటుందంటే మాత్రం వాళ్ళలోనే చాలామంది నమ్మరు.

గార్బేజ్ డిస్పోజర్ అనగానే సింకు కింద బిగించిన పెద్ద మిక్సీ అనుకుంటాం. నిజానికి రెండింటికీ పోలిక లేదు. మిక్సీ పదునైన బ్లేడును నిమిషానికి పద్దెనిమిది వేల చుట్లకు పైగా తిప్పుతుంది. డిస్పోజర్‌లో బ్లేడే లేదు, చుట్లేమో సాధారణంగా పద్నాలుగు వందల పైచిలుకు. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రం రాసీన్ ఊళ్ళో జాన్ హామెస్ అనే ఆర్కిటెక్టు 1927లో దీన్ని తయారుచేశాడు. 1935లో పేటెంటు వచ్చింది. 1938లో ఇన్‌సింక్‌ఎరేటర్ కంపెనీ పెట్టాడు. వృత్తికి ఇళ్ళ ప్లానులు గీసే మనిషి యంత్రం లోపలి సంగతి ఇంత బాగా ఆలోచించడం నాకు ముచ్చటగా ఉంటుంది.

పైనుంచి కిందికి చూసుకుంటూ వద్దాం. సింకు రంధ్రంలో స్టీలు ఫ్లేంజి కూర్చుంటుంది. దాని అంచు కింద పుట్టీ గానీ రబ్బరు వాషరు గానీ ఉంటుంది. సింకు అడుగున ఫ్లేంజి మెడకు వరసగా ఫైబర్ వాషరు, ఒక బ్యాకప్ రింగు, మూడు స్క్రూలున్న మౌంటింగ్ రింగు తొడుగుతారు. ఇవన్నీ జారి కింద పడకుండా ఆపేది ఒకేఒక్క స్నాప్ రింగు. ఒకచోట తెగి ఉన్న ఆ స్టీలు చుట్టును కాస్త సాగదీసి మెడ మీదికి తోస్తే, అక్కడున్న గాడిలో టక్కుమని పడుతుంది. తర్వాత మూడు స్క్రూలూ తిప్పుతుంటే అవి బ్యాకప్ రింగును పైకి తోస్తాయి, మౌంటింగ్ రింగు కిందనున్న స్నాప్ రింగును ఆనుకుంటుంది. ఈ తోపుడుకు ఫ్లేంజి సింకును బిగపట్టేస్తుంది. వెల్డింగు లేదు, జిగురు లేదు. అయిదు నుంచి ఎనిమిది కిలోలుండే మిషను ఆ బిగింపు మీదే ఏళ్ళ తరబడి వేలాడుతుంది. మిషను మెడకున్న మూడు చెవులను మౌంటింగ్ రింగు ఏటవాలు గాడుల్లో పెట్టి తిప్పితే చాలు, వాలు వెంట పైకి జరిగి బిగుసుకుంటుంది. దింపాలంటే వెనక్కి తిప్పడమే.

ఇప్పుడు లోపలికి. చీలికలున్న నల్ల రబ్బరు మూత దాటితే గ్రైండింగ్ చాంబరు. అడుగున స్టీలు పళ్ళెం, దాని మీద రెండు మొద్దు లగ్గులు. ఒక్కో లగ్గూ ఒక్కో రివెట్ మీద వదులుగా తిరుగుతుంది. పళ్ళెం చుట్టూ కదలకుండా నిలిచిన గ్రైండ్ రింగు, లోపలివైపు పళ్ళూ సందులూ.

నిమిషానికి 1,425 చుట్లంటే సెకనుకు దాదాపు 24. పళ్ళెం వ్యాసార్ధం 6 సెంటీమీటర్లు అనుకుని లెక్క వేస్తే, అంచున పడ్డ దొండకాయ ముక్క తన బరువుకు నూట ముప్ఫై రెట్ల బలంతో రింగుకు అదుముకుంటుంది. అలా అదుముకున్న ముక్కను రెండు లగ్గులూ వంతులవారీగా సెకనుకు నలభై ఎనిమిది సార్లు కొడతాయి, రింగు పళ్ళు గీరేస్తాయి. సందులో పట్టేంత చిన్నదయ్యేదాకా ఏ ముక్కకూ విడుదల లేదు. నలగ్గొట్టేదీ రింగే, జల్లెడ పట్టేదీ రింగే. చెంచా పడితే లగ్గు వెనక్కి తప్పుకుంటుంది. మొద్దు లగ్గులకు సానపట్టే అవసరం రాదు.

మరి ఏది పడుతుంది, ఏది పట్టదు? లిస్టు బట్టీ పట్టక్కర్లేదు, ఈ దెబ్బ స్వభావం తెలిస్తే చాలు. ఎదురు నిలిచేదాన్ని సుత్తి విరగ్గొడుతుంది, వంగిపోయేదాన్ని ఏమీ చేయలేదు. కూరగాయల చెక్కు, టీ పిప్పి, మెతుకులు, సన్నటి చేపముళ్ళు సులువుగా పోతాయి. నమిలి వదిలిన ములక్కాడ పిప్పి, చింతపండు పీచు, అరటిదవ్వ నార, కొబ్బరి పీచు మాత్రం లగ్గుల కింద వంగి తప్పించుకుని వాటికే చుట్టుకుంటాయి. ఆవకాయ రోజుల్లో మామిడి టెంకలకూ ఇందులో చోటు లేదు. అన్నం నలుగుతుంది గానీ గుండిగ అడుగంతా ఒక్కసారి బోర్లిస్తే గంజి ముద్దగా మారి సింకు కింది వంపు గొట్టంలో, అంటే పి-ట్రాప్‌లో, కూర్చుంటుంది.

పళ్ళెం కింద మోటారు. పైన నీళ్ళు, కింద కరెంటు, మధ్యలో ఇరుసు చుట్టూ ఉన్న సీలు. నా దృష్టిలో మిషను ఆయుష్షంతా ఆ సీలు చేతిలోనే ఉంది. మిషను పొట్ట కింద తడి కనిపిస్తే మొదటి అనుమానం దాని మీదే పడాలి. ఏదైనా ఇరుక్కుని పళ్ళెం ఆగిపోతే మోటారు మూలుగుతూ కరెంటు ఎక్కువ లాగుతుంది. కాలిపోకముందే ఓవర్‌లోడ్ స్విచ్చి పడిపోతుంది, అడుగున ఎర్రబటను బయటికి పొడుచుకొస్తుంది. రోలింగ్ మిల్లులో రోళ్ళను కాపాడడానికి బ్రేకర్ బ్లాకు పెడతారే, ఆలోచన అదే. అక్కడ బ్లాకు పగులుతుంది, ఇక్కడ బటను ఊడివస్తుంది, అంతే తేడా. అప్పుడు ప్లగ్గు తీసి, అడుగు మధ్యలోని ఆరుపలకల రంధ్రంలో అలెన్ కీ పెట్టి అటూ ఇటూ ఆడించాలి. ఆ రంధ్రం మోటారు ఇరుసు కొసే కాబట్టి పళ్ళెం కదులుతుంది, ఇరుకు వదులుతుంది. పట్టకారుతో ముక్క తీసేసి, మోటారు చల్లారాక బటను నొక్కాలి. ప్లగ్గు తీసినా సరే, చెయ్యి మాత్రం లోపల పెట్టకూడదు.

తడిచేతులతో స్విచ్చి వేయడం ఎలా అన్నదానికి ఎయిర్ స్విచ్ ఉంది. సింకు అంచున ఉండే ఆ బటను కింద వైరు ఉండదు, సన్నటి ప్లాస్టిక్ గొట్టం ఉంటుంది. నొక్కితే అందులోని గాలి వెళ్ళి కింద ఉన్న స్విచ్చిని తోస్తుంది. వేలు తాకే చోట కరెంటే లేదు. డబ్బు కాస్త ఎక్కువైనా ఇది పెట్టించుకోమంటాను.

కొనేటప్పుడు ముందు సింకు కొలుచుకోవాలి. ఫ్లేంజికి మూడున్నర అంగుళాల రంధ్రం కావాలి, పాత సింకుల్లో చాలావాటికి అంత ఉండదు. కంపెనీ క్వార్టరైతే అనుమతి లేకుండా సింకు కోయించకండి. నలుగురైదుగురున్న ఇంట్లో కూరగాయల వ్యర్థాలకు అర హార్స్‌పవర్ చాలు. గ్రైండ్ రింగు, పళ్ళెం, లగ్గులు స్టెయిన్‌లెస్‌వే తీసుకోవాలి, పులుసు తగిలే చోట జింకు పూత ఎంతో కాలం నిలవదు. అమెరికా నుంచి వస్తూ ఒకటి పట్టుకొచ్చేస్తామనే పిల్లలు చాలామంది ఇళ్ళలో ఉన్నారు. వద్దని చెప్పండి. 110 వోల్టుల సంగతి ట్రాన్స్‌ఫార్మరు చూసుకుంటుంది గానీ, 60 సైకిళ్ళ కరెంటు కోసం చుట్టిన ఇండక్షన్ మోటారు మన 50 సైకిళ్ళ మీద నెమ్మదిస్తుంది, వేడెక్కుతుంది.

వాడే వరస ఇది: ముందు చన్నీళ్ళు, తర్వాత స్విచ్చి, ఆ తర్వాత కొంచెం కొంచెంగా చెత్త. గరగర పోయి మోటారు హోరు ఒక్కటే వినిపించాక కూడా పదిహేను ఇరవై సెకన్లు నీళ్ళు వదలాలి. ముక్కలు ట్రాప్ దాటి పోవడానికి అవే వాహనం. చన్నీళ్ళే ఎందుకంటే నెయ్యి, డాల్డా గట్టిగా ఉంటేనే నలిగి కొట్టుకుపోతాయి. వేడికి కరిగితే ముందుకు పోయి పైపు గోడల మీద పేరుకుంటాయి. భిలాయి మే నెలలో మేడమీద ట్యాంకు నీళ్ళు మధ్యాహ్నానికి చెయ్యి పెట్టనివ్వవు కాబట్టి ఆ రోజుల్లో ఈ పని పొద్దున్నే కానివ్వడం మేలు. రోజుకు మూడు నిమిషాలు నడిస్తే కరెంటు నెలకు ఒక్క యూనిట్ కూడా కాదు. నీళ్ళు మాత్రం నిమిషానికి 6 లీటర్ల చొప్పున రోజుకు 18 లీటర్లు, అంటే ఒక బకెట్టు.

అసలు పేచీ గొట్టం ఎక్కడికి పోతుందన్న దగ్గర ఉంది. భిలాయి స్టీల్ టౌన్‌షిప్ లోపల భూగర్భ మురుగు కాలువలున్నాయి. రిటైరయ్యాక బయట ఇల్లు కట్టుకుని సెప్టిక్ ట్యాంకు పెట్టుకున్నవాళ్ళ లెక్క వేరు. నలిగిన చెత్తంతా ఆ ట్యాంకులోనే బురదై దిగుతుంది, తోడించే గడువు ముందుకొస్తుంది. కొత్తగా కడుతుంటే ట్యాంకు పెద్దది వేయించి డిస్పోజర్ పెట్టుకోవచ్చు. ఉన్న ట్యాంకు చిన్నదైతే పెరట్లో కంపోస్టు కుండీయే నయం. ఎలాగూ ములక్కాడ పిప్పికీ కొబ్బరి పీచుకూ ఆ కుండీ ఒకటి ఉండాల్సిందే.