మూసపాత్ర ఎవరిని కాపాడుతుంది?

మందపాటి కళ్ళద్దాలు, జేబునిండా పెన్నులు, ఆడపిల్లల ముందు నోరు పెగలనితనం - కంప్యూటర్ ప్రియుడంటే ఇలాగే ఉంటాడని హాలీవుడ్ ప్రచారం చేసింది. ఈ మూసను స్థిరపరచిన సినిమాల్లో 1984లో జెఫ్ కాన్యూ దర్శకత్వంలో వచ్చిన 'రివెంజ్ ఆఫ్ ది నెర్డ్స్' ముఖ్యమైనది.

పైకి ఇది అవమానితుల పక్షం వహించిన కథ. ఫుట్‌బాల్ ఆటగాళ్ళు కంప్యూటర్ విద్యార్థుల్ని ఎగతాళి చేస్తారు, వసతిలేకుండా చేస్తారు. చివరికి వీళ్ళే గెలుస్తారు. అయితే ఆ గెలుపుకు దారి ఏమిటి? విద్యార్థినుల ఇంట్లో రహస్యంగా కెమెరాలు పెడతారు. ఒకమ్మాయి అర్ధనగ్న చిత్రాన్ని అమ్ముకుంటారు. నాయకుడు ఆమె ప్రియుడి వేషం వేసుకుని ఆమెను మోసంతో లొంగదీసుకుంటాడు. అది అత్యాచారం. సినిమాకు మాత్రం హాస్యం. పైగా ఆమె అతన్ని ప్రేమిస్తుంది కూడా! అవమానపడిన మగవాడికి ఆడదాన్ని అవమానించే హక్కు ఉందన్నదే ఈ సినిమా దృక్పథం.

ఈ మూస చరిత్రనూ వక్రీకరిస్తుంది. 1946లో లోకానికి ప్రదర్శించిన ఎనియాక్ కంప్యూటర్‌కు ప్రోగ్రాములు సిద్ధం చేసింది ఆరుగురు స్త్రీలు. 1980ల నడుమ అమెరికాలో కంప్యూటర్ సైన్సు పట్టభద్రుల్లో స్త్రీలు సుమారు 37 శాతం. 2010 నాటికి 20 శాతం లోపే. దీనికి ఒక సినిమానే బాధ్యురాలిని చేయటం తొందరపాటు. కాని ఇది మగపిల్లల వ్యవహారమన్న భావనకు ఇలాంటి కథలు బలం చేకూర్చాయనటంలో సందేహం లేదు.

ఆ భావన 2014లో 'గేమర్‌గేట్' దాడుల్లో బాహాటంగా బయటపడింది. వీడియో ఆటల్లో స్త్రీపాత్రల చిత్రణను విమర్శించిన అనితా సర్కీసియన్ మీద బెదిరింపులు కురిశాయి. ఆ అక్టోబరులో, సామూహిక కాల్పులు జరుపుతామన్న బెదిరింపు రావటంతో, యూటా స్టేట్ విశ్వవిద్యాలయంలో తన ప్రసంగాన్ని ఆమె రద్దు చేసుకోవలసి వచ్చింది. ఒక విమర్శకురాలి నోరు నొక్కేయటాన్ని 'ట్రోలింగ్' అనీ, ఒంటరి కుర్రాళ్ళ ఆకతాయితనమనీ తేలిక చేయటమంటే ఆ పాత మూసతోనే దోషిని కాపాడటం.

అలాగని కంప్యూటర్ ప్రియులందర్నీ అనుమానించటమూ తప్పే. అది అదే మూసను తిరగేసి వాడటం. దూషణ కళ్ళద్దాల నుంచి పుట్టదు. శిక్ష పడదన్న ధీమా నుంచి, స్త్రీ మాట్లాడకూడదన్న పెత్తనం నుంచి పుడుతుంది. ఈ పాత్రను చేపట్టే రచయిత అతని ఒంటరితనాన్ని తప్పక చిత్రించవచ్చు. అయితే అతని మాటకు గాయపడిన మనిషి వైపు నిలబడి కూడా చూడాలి. లేకపోతే ఆ సానుభూతి దోషికి సాక్ష్యం చెప్పటమే అవుతుంది.