నెక్కొండ పచ్చజెండా

వరంగల్ నుంచి మహబూబాబాద్ వెళ్లే దారిలో నెక్కొండ స్టేషన్ వస్తుంది. నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే సికింద్రాబాద్ నుంచి పట్టాలు పరుచుకుంటూ 1889లో బెజవాడకు చేర్చిన లైను ఇది. 1929లో కాజీపేట–బల్లార్షా మార్గం పూర్తయ్యాక ఢిల్లీ, మద్రాసుల మధ్య రైళ్లకూ ఇదే బాట అయింది. రైలు ముఖం చూడని నర్సంపేట వైపు పల్లెలకు నేటికీ నెక్కొండే దిక్కు.

ఇలాంటి ఊరి స్టేషన్‌లో స్టేషన్ మాస్టర్ పనితనం చూసి తీరాలి. ఆగకుండా దూసుకుపోయే ఎక్స్‌ప్రెస్ కోసం ఆయన ముందుగానే ప్లాట్‌ఫారం మీదికి వచ్చి నిలబడతాడు. పగలు పచ్చజెండా, రాత్రి పచ్చదీపం. అవతలి పక్క పాయింట్స్‌మన్ కాపు కాస్తాడు. చక్రం దగ్గర పొగ వస్తోందా, బ్రేకు పట్టేసిందా, పెట్టె కింద ఏదైనా వేలాడుతోందా అని ఇద్దరి కళ్లూ పెట్టె పెట్టెనూ తడుముతాయి. తేడా కనిపిస్తే ఎర్రజెండా ఊపి బండిని ఆపిస్తారు.

లోపల నిద్రపోతున్న ప్రయాణికులకు ఆ స్టేషన్ పేరు కూడా తెలియదు. అయినా వాళ్లు క్షేమంగా ఇల్లు చేరడంలో నెక్కొండ వాటా ఉంది. ఆ కాపలాకు మనం రుణపడి ఉన్నాం.