పాత కారు నిజముగా గట్టిదేనా?

పాత కారు బానెట్టును వేలితో తట్టి, "ఆనాటి ఇనుమే ఇనుము" అని మెచ్చుకొనుట అన్ని దేశములలోను ఉన్నదే. మన ఊళ్లలో ఈ మెప్పు అంబాసిడరుకు దక్కినది. అమెరికాలో 1950ల నాటి భారీ కార్లకు దక్కినది. కొత్త కారు రేకు బొటనవ్రేలితో నొక్కినను లొంగుచున్నది గనుక, ప్రమాదములో పాత కారే ప్రాణము కాపాడునని పెక్కుమంది నమ్మకము.

రహదారి భద్రతకై బీమా కంపెనీలు నెలకొల్పిన ఒక అమెరికన్ సంస్థ, తన 50వ ఏట, 2009లో, ఈ నమ్మకమును పరీక్షకు పెట్టినది. 1959 నాటి షెవ్రొలే బెల్ ఎయిర్‌ను, 2009 నాటి షెవ్రొలే మాలిబు సెడానును చెరి గంటకు 64 కిలోమీటర్ల వేగముతో, డ్రైవరు కూర్చుండు ఎడమ వైపులు తాకునట్లు ఎదురెదురుగా ఢీకొట్టించినారు. బరువులో రెండింటికి పెద్ద తేడా లేదు. బెల్ ఎయిర్‌లో సీటు బెల్టు లేదు, ఎయిర్ బ్యాగు లేదు. ముందుభాగము డ్రైవరు మీదికి చొచ్చుకొని వచ్చినది, బొమ్మ తల స్టీరింగునకు కొట్టుకొన్నది. మనిషియే అయిన బ్రతుకుట దుర్లభము. మాలిబులోని బొమ్మకు పాదమున స్వల్ప గాయమునకు మించి అయ్యెడిది కాదని తేలినది.

ఇందులో వింత లేదు. గంటకు 64 కిలోమీటర్లనగా సెకనుకు సుమారు 17.8 మీటర్లు. వేగవర్గమును ఆగు దూరమునకు రెట్టింపుతో భాగించిన ఋణత్వరణము వచ్చును. మనిషి 10 సెంటీమీటర్లలో ఆగవలసివచ్చినచో అది గురుత్వ త్వరణమునకు సుమారు 160 రెట్లు. 60 సెంటీమీటర్లలో ఆగినచో 27 రెట్లు మాత్రమే. కొత్త కారు ముక్కు నలిగి ఈ దూరమును సంపాదించి పెట్టుచున్నది, బెల్టు మనిషిని కారుతోపాటు ఆపుచున్నది. నలగవలసినది ముక్కు, నిలువవలసినది మనుషులు కూర్చుండు గది. పాత కారు నలగలేదనుకొనుట పొరపాటు. అదియు నలిగినది, నలగరాని చోట. బానెట్టు మందమునకు దీనితో ఏమి సంబంధము?

పరీక్షపై ఆక్షేపణలు రాకపోలేదు. పాత కారులో ఇంజను తీసివేసినారని కొందరన్నారు. ఇంజను ఉన్నదని సంస్థ బదులు చెప్పినది. అంతకన్న బలమైన ఆక్షేపణ మరొకటి: బెల్ ఎయిర్ చట్రము ఇంగ్లీషు ఎక్స్ అక్షరపు ఆకారముది, ప్రక్కలకు దూలములు లేనిది. కాబట్టి ఆనాటి కార్లన్నింటికి ఈ ఒక్క కారును ప్రతినిధిగా తీసుకొనుట సరికాదు. ఇది న్యాయమైన మాటే. గాని పైన చెప్పిన లెక్క దీనివలన మారదు.

అసలు లోపము వేరొకచోట ఉన్నది. దీనిని 50 ఏండ్ల ప్రగతికి నిదర్శనమని చూపినారు. ఆ జ్ఞానము 1959 నాటికే లేనిదా? నలిగెడి ముక్కు, నలగని గది అను ఊహకు బేలా బరేనీ 1951లోనే పేటెంటు కోరినాడు. ఆ పద్ధతిలో కట్టిన మెర్సిడెస్ బెంజ్ కారు అమ్మకమునకు వచ్చినది 1959లోనే. నీల్స్ బోలిన్ రూపొందించిన మూడు బిందువుల బెల్టును వోల్వో తన కార్లలో పెట్టినదియు ఆ ఏడే. అదే ఏడు బెల్ ఎయిర్‌కు వెనుక వైపున గబ్బిలపు రెక్కలవంటి అలంకారము అమర్చి అమ్మినారు. అమెరికాలో కొత్త కార్లలో సీటు బెల్టు ఉంచుట చట్టరీత్యా తప్పనిసరి అయినది 1968లో.