కైసరు పేరు పక్కన పశువుల తొట్టి

డిసెంబరులో గణపవరం చుట్టుపక్కల సార్వా కోతలు ముగిసి, చేలల్లోకి బాతుల మందలు దిగుతాయి. చర్చిల్లో పిల్లలు క్రిస్మస్ నాటకం మొదలెడతారు. వెండి కాగితం అతికించిన అట్ట నక్షత్రం, తలకు తువ్వాలు చుట్టిన కాపరులు, కిరీటాలు పెట్టుకున్న జ్ఞానులు అంతా ఒకే పాక ముందు చేరతారు.

చూడముచ్చటగానే ఉంటుంది. వాక్యం చెప్పే మనిషి మాత్రం ఈ గుంపును విడదీయాలి. నక్షత్రం, జ్ఞానులు మత్తయి సువార్తలోవి. కాపరులు, తొట్టి లూకావి. రెండూ కలిపేస్తే యేసు ఎవరని లూకా అంటున్నాడో వినపడదు.

లూకా రెండో అధ్యాయం ఔగుస్తు కైసరు ఆజ్ఞతో మొదలవుతుంది. ఆ పేరు ఊరికే రాలేదు. ఔగుస్తును దత్తత తీసుకున్న జూలియస్ సీజరును రోము సెనేటు దేవుడిగా ప్రకటించింది. దాంతో దేవుని కుమారుడన్న బిరుదు ఔగుస్తు నాణేల మీదికెక్కింది. ఇప్పటి టర్కీలోని ప్రియేనేలో దొరికిన క్రీ.పూ. 9 నాటి శాసనం ఆయన్ను రక్షకుడని పొగిడి, ఆయన పుట్టినరోజును శుభవార్తల ఆరంభమంటుంది. లూకా దగ్గర ఆ శుభవార్త పొలంలో రాత్రి కాపలా కాసేవాళ్ల చెవిన పడుతుంది. రక్షకుడు, క్రీస్తు, ప్రభువు: మూడూ ఒక్క మాటలోనే. ఆనవాలేమో పొత్తిగుడ్డల్లో చుట్టి తొట్టిలో పడుకోబెట్టిన పసివాడు! కోసిన చేలో బాతుల పక్కనే పడుకునే మనిషికి ఆ కబురు తనకొచ్చినట్టే ఉంటుంది.

అసలు చిక్కు వేరే ఉంది. అదే లూకా రాసిన అపొస్తలుల కార్యములు రెండో అధ్యాయంలో, సిలువ వేసిన యేసునే దేవుడు ప్రభువుగా, క్రీస్తుగా నియమించాడంటాడు పేతురు. మరి పుట్టుకతోనే ప్రభువా, లేచాక అయ్యాడా? అమెరికన్ కాథలిక్ పండితుడు రేమండ్ బ్రౌన్ 1977లో ‘ది బర్త్ ఆఫ్ ద మెస్సయ్య’లో దీన్నే పట్టుకున్నాడు. పునరుత్థానంతో తెలిసొచ్చిన సంగతిని తొలి సంఘం బాప్తిస్మం దాకా, ఆపైన గర్భధారణ దాకా వెనక్కి చదువుకుందన్నాడు. నమ్మకం సడలుతుందని ఈ ప్రశ్నను చర్చి గుమ్మం బయటే ఆపేయడం తప్పు. ఇది తెలిసి చదివితే జన్మకథ, లేచిన ప్రభువును నమ్మినవాళ్ల సాక్ష్యమని అర్థమవుతుంది.

గోదావరి డెల్టాకు 1830ల్లో సువార్త తెచ్చిన విలియం బౌడెన్ రాతిపనివాడు, జార్జ్ బీర్ చెప్పులు కుట్టేవాడు. అలాంటి చేతిపనివాళ్ల నుంచి వాక్యం విన్న ఇక్కడి శ్రోతలకు ఈ ప్రశ్న బరువవుతుందని తక్కువ అంచనా వేయనక్కర్లేదు.

ఈ క్రిస్మస్‌కు లూకా రెండో అధ్యాయంలో మొదటి 20 వచనాలే చదివితే చాలు. మత్తయిని జనవరికి ఉంచవచ్చు. మత్తయి రాసిన యేసు వంశావళిలోని తామారు, రాహాబు, రూతు, ఊరియా భార్య, ఆ నలుగురికే ఒక ఆదివారం పడుతుంది.